గాజు గొట్టంలో సముద్రం

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల నుంచి చాలా దేశాల సముద్ర పరిశోధన ఓడల్లో, ప్రయోగశాల బల్ల సొరుగులో, కొన్ని గాజు గొట్టాలు పదిలంగా ఉండేవి. రెండు కొనలూ కరిగించి మూసేసిన ఆ గొట్టాల్లో ఉన్నది అరుదైన రసాయనమేమీ కాదు, సముద్రపు నీరే. ఆ నీటిని వడగట్టి, అందులో ఉప్పు ఎంతో డెన్మార్క్‌లో కచ్చితంగా తేల్చి, ఆ అంకెను చీటీ మీద వేసి అంటించి దేశదేశాలకు పంపేవారు. ఓడ మీది రసాయన శాస్త్రవేత్త గొట్టం మూతి విరిచి, ఆ నీటిని కొలిచి బీకరులో పోసి, బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వదిలేవాడు. నీళ్లు విరిగిన పాలలా తెల్లబడి, ఆఖరి చుక్కకు ఎర్రజీర తిరగగానే ఆపి, రీడింగు రాసుకునేవాడు. ఆ తర్వాతే తాను సముద్రంలోంచి తోడిన నీళ్లకు అదే పరీక్ష చేసేవాడు. రెండింటినీ పోల్చితే తన నీటి ఉప్పదనం తేలేది. హిందూ మహాసముద్రంలో ఒక రష్యన్, పసిఫిక్‌లో ఒక జపనీయుడు, అట్లాంటిక్‌లో ఒక నార్వే వాడు రాసుకున్న అంకెలు ఒకే భాషలో మాట్లాడాయంటే కారణం ఆ గొట్టమే.

సముద్రం విషయంలో దేశాల మధ్య సహకారం అనగానే మనకు ఐక్యరాజ్యసమితి సభలు, ఒప్పందాల మీద సంతకాలు, వరసగా జెండాలు గుర్తొస్తాయి. ఆ చరిత్రను దగ్గరగా చూస్తే తెలిసేది వేరు. దేశాలు స్నేహంగా ఉన్నప్పుడు సహకారం వర్ధిల్లి, పగబట్టినప్పుడు చచ్చిపోలేదు. ఒకే కొలతకు ఒప్పుకుని, కొలిచినది దాచకుండా ఇచ్చిపుచ్చుకున్న చోట శత్రువుల మధ్య కూడా అది నిలిచింది. కొలతను దాచిన చోట, మార్చి రాసిన చోట, ఎంత గట్టి ఒప్పందమైనా గుల్లబారింది. ఇది నీతికి సంబంధించిన మాట కంటే సముద్రపు స్వభావానికి సంబంధించిన మాట. లోతు నీళ్లలో ఉప్పదనం తేడాలు దశాంశ బిందువు తర్వాత రెండో అంకెలోనో మూడో అంకెలోనో ఉంటాయి. ఏ నీరు ఎక్కడ మునిగి ఎటు పోతోందో చెప్పేది ఆ చిన్న అంకెలే. ఒక ఓడ కొలత మరో ఓడ కొలతతో అంతమాత్రం తేడా పడినా, లేని ప్రవాహం ఉన్నట్టు, ఉన్న ప్రవాహం లేనట్టు కనిపిస్తుంది. పొలాన్ని ఎవరి గట్టు లోపల వాళ్లు కొలుచుకోవచ్చు. సముద్రానికి ఆ వీలు లేదు. పక్కవాడి అంకె లేనిదే మన అంకెకు అర్థం రాదు.

ఈ సంగతిని ముందుగా గ్రహించి ఆచరణలో పెట్టిన వాళ్లలో అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటేన్ మోరీ ఒకడు. పాత ఓడల లాగ్‌బుక్కులు మూలన పడి ఉంటే దులిపి, అందులోని గాలి దిశలు, ప్రవాహాలు ఏరి పటాలు గీశాడు. తర్వాత ఒక బేరం పెట్టాడు: ప్రయాణంలో నేనిచ్చిన నమూనా ప్రకారం రోజూ రీడింగులు రాసి తెచ్చివ్వండి, నా పటాలు ఉచితంగా తీసుకెళ్లండి. ఆ పటాల వల్ల ప్రయాణాలు రోజులకు రోజులు తగ్గాయి గనక కెప్టెన్లు సంతోషంగా రాశారు. 1853లో బ్రస్సెల్స్‌లో 10 దేశాల ప్రతినిధులు కూర్చుని, సముద్రం మీద వాతావరణ పరిశీలనలు ఒకే పద్ధతిలో, ఒకే నమూనా కాగితం మీద రాయాలని నిర్ణయించారు. మరుసటి ఏడాదికే ఆ బల్ల చుట్టూ కూర్చున్న బ్రిటన్, ఫ్రాన్స్ ఒకవైపు, రష్యా మరోవైపు క్రిమియా యుద్ధంలో తలపడ్డాయి. ఒకే నమూనాలో రాయాలన్న పద్ధతి మాత్రం పోలేదు. నేటి ఓడల వాతావరణ నివేదికలకు మూలం అక్కడే ఉంది.

1902లో కోపెన్‌హాగన్‌లో ఉత్తర ఐరోపా దేశాలు ఎనిమిది కలిసి సముద్ర అన్వేషణ అంతర్జాతీయ మండలిని పెట్టాయి. నార్త్ సీలో చేపలు తగ్గుతున్నాయన్న భయం దానికి ఒక ముఖ్య కారణం. మొదట్లో చెప్పిన గాజు గొట్టాలు ఆ వాతావరణంలో పుట్టినవే. డేన్ శాస్త్రవేత్త మార్టిన్ క్నుడ్సెన్ వాటికి రూపకర్త. ఉప్పదనం లెక్కగట్టే పట్టికలను ఆయన 1901లో ప్రచురించాడు. 1970ల దాకా ఆ నీరు డెన్మార్క్ నుంచే వచ్చేది, ఆ తర్వాత ఆ పని బ్రిటన్‌కు మారింది. ఉప్పదనాన్ని ఇప్పుడు విద్యుత్ వాహకతతో కొలుస్తున్నా, పరికరాన్ని సరిచూసుకోవడానికి ప్రామాణిక జలం నేటికీ కావాలి. ఆ మండలికి మొదటి ప్రపంచ యుద్ధం పెద్ద దెబ్బ. అయితే అదే యుద్ధం ఎవరూ కావాలని చేయలేని ప్రయోగాన్ని చేసి చూపింది. మైన్లకు, జలాంతర్గాములకు భయపడి పడవలు నార్త్ సీలోకి పెద్దగా వెళ్లని ఆ నాలుగేళ్లలో చేపలు పెరిగాయి. యుద్ధం ముగిశాక వలలు బరువుగా లేచాయి, పెద్ద చేపలు ఎక్కువగా పడ్డాయి. మళ్లీ వేట ముదిరేసరికి తగ్గాయి. రెండో ప్రపంచ యుద్ధంలోనూ అదే జరిగింది. సముద్రంలో చేపలకు అంతే లేదనీ, మనిషి వేట వాటిని ఏమీ చేయలేదనీ గట్టిగా నమ్మే పెద్దలు అంతకుముందు ఉండేవారు. వాళ్ల మాటను పడగొట్టింది వాదన కాదు; యుద్ధానికి ముందు, తర్వాత ఒకే పద్ధతిలో రాసి పెట్టుకున్న లెక్కలు.

మరి లెక్క తప్పుగా రాస్తే ఏమవుతుందో చెప్పే కథ తిమింగలాలది. 1946లో ఒప్పందం కుదిరి అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఏర్పడింది. దక్షిణ మహాసముద్రంలో ఏడాదికి ఎన్ని చంపవచ్చో కోటా పెట్టారు. ఆ కోటాకు వాడిన కొలమానంలోనే మొదటి లోపం ఉంది. ఒక నీలి తిమింగలం రెండు ఫిన్ తిమింగలాలకు సమానం, రెండున్నర హంప్‌బ్యాక్‌లకు సమానం, ఆరు సేయ్ తిమింగలాలకు సమానం అని లెక్క. అంటే తిమింగలాన్ని ప్రాణిగా, జాతిగా చూడలేదు, నూనె పీపాగా చూశారు. ఏ జాతి అంతరించే దశలో ఉందో ఆ లెక్కలో కనబడదు. పైగా ఒక్క నీలి తిమింగలాన్ని కొడితే కోటాలో ఒక పూర్తి యూనిట్ ఒక దెబ్బకే దక్కుతుంది గనక మిగిలిన కాసిన్నింటినీ వెతికి మరీ చంపారు. రెండో లోపం ఇంకా పెద్దది. ఓడలో కూర్చుని లెక్క చూసే ఇన్‌స్పెక్టరు ఆ ఓడ ఏ దేశానిదో ఆ దేశపు ఉద్యోగే. దక్షిణార్ధగోళంలో తాము 2,710 హంప్‌బ్యాక్‌లను చంపామని సోవియట్ యూనియన్ చెప్పుకుంది. నిజంగా చంపినవి 48 వేలకు పైగా. కొందరు సోవియట్ జీవశాస్త్రవేత్తలు అసలు లెక్కల కాగితాలను ఏళ్ల తరబడి గుట్టుగా కాపాడారు. ఆ దేశం కూలిపోయాక, 1993లో అలెక్సీ యాబ్లొకోవ్ ఈ సంగతి బయటపెట్టాడు. ఆ లోపు కమిషన్ శాస్త్రవేత్తలు దొంగ అంకెలు పట్టుకుని, ఇన్ని తిమింగలాలు ఎటు పోయాయో తెలియక తల పట్టుకున్నారు. ఒక దేశపు ఓడలో మరో దేశపు పరిశీలకుడు ఉండాలన్న ఏర్పాటు 1972లో గానీ రాలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఈ ఒప్పందంలో మాటలకు కొదవ లేదు, సంతకాలకూ లేదు. లేనిది నమ్మదగిన లెక్క.

ఇప్పుడు మన సముద్రానికి వద్దాం. 1957లో సముద్ర పరిశోధనకు ఒక అంతర్జాతీయ శాస్త్రీయ సంఘం ఏర్పడి అమెరికాలోని వుడ్స్ హోల్‌లో సమావేశమైనప్పుడు, ప్రపంచంలో అతి తక్కువ తెలిసిన మహాసముద్రం ఏదని చూస్తే హిందూ మహాసముద్రం తేలింది. ఏడాదికి రెండుసార్లు గాలి దిశ మార్చుకునే సముద్రం ఇది. గాలితో పాటు సొమాలియా తీరం వెంట ప్రవాహం కూడా వెనక్కి తిరుగుతుంది. చుట్టూ కోట్లాది జనం, వాళ్లకు అన్నం పెట్టే రుతుపవనాలు, అయినా లోతులు తెలియవు. అలా రూపుదిద్దుకున్నదే అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర. 1959 నుంచి 1965 దాకా సుమారు 40 ఓడలు ఇందులో పాల్గొన్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం మంచి కాక మీద ఉన్న రోజులవి. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తీసుకెళ్లింది. అయినా సోవియట్ ఓడ విత్యాజ్, అమెరికా ఓడలు అట్లాంటిస్ 2, ఆంటన్ బ్రూన్ ఒకే కార్యక్రమం కింద ఒకే సముద్రాన్ని కొలిచాయి. ఆంటన్ బ్రూన్ అంతకుముందు అమెరికా అధ్యక్షుల విహార నౌక. మన నౌకాదళం ఐ.ఎన్.ఎస్. కిస్త్నాను పంపింది, కృష్ణా నదిని ఇంగ్లీషు వాళ్లు రాసుకున్న తీరే ఆ పేరు. అన్ని ఓడలూ ఒకే రకం వలతో ప్లవకాలను పట్టాలని చదరపు మీటరు మూతి ఉన్న ఒక ప్రామాణిక వలను నిర్ణయించారు. పట్టిన నమూనాలు కొచ్చిన్‌లో నెలకొల్పిన కేంద్రానికి చేరేవి. అక్కడ మన వాళ్లు సూక్ష్మదర్శినుల ముందు కూర్చుని, చిటికెడు జీవుల్లో రొయ్య పిల్ల ఏది, చేప గుడ్డు ఏది అని ఒక్కొక్కటే ఏరి వేరు చేశారు. బొంబాయిలోని అంతర్జాతీయ వాతావరణ కేంద్రం గాలుల లెక్క చూసింది.

ఈ యాత్రను పొగిడే వాళ్లు దాచే ఒక సంగతి ఉంది. అదేమంత క్రమబద్ధంగా సాగలేదు. ఎవరి ఓడ ఎటు పోవాలో చాలావరకు వాళ్లవాళ్లే తేల్చుకున్నారు. ఆనాటి గొప్ప సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టొమెల్ దీని ప్రణాళికను ఎద్దేవా చేస్తూ పేరు పెట్టకుండా ఒక చిన్న పత్రికే నడిపాడు. ఆయన విమర్శలో న్యాయం ఉంది. కానీ పథకం వదులుగా ఉన్నా కొలతలు ఒక చోట చేరాయి, దాని ఫలితం ఎవరూ ఊహించని చోట పండింది. 1962లో బ్రిటిష్ ఓడ ఓవెన్ మీద డ్రమండ్ మాథ్యూస్ అరేబియా సముద్రం దక్షిణాన ఉన్న కార్ల్స్‌బర్గ్ పర్వతశ్రేణి మీదుగా అయస్కాంత కొలతలు తీశాడు. శిఖరానికి అటూ ఇటూ నేల మీద అయస్కాంత దిశ చారలు చారలుగా తిరగబడి ఉన్నట్టు కనిపించింది. కేంబ్రిడ్జిలో ఆయన శిష్యుడు ఫ్రెడ్ వైన్ దానికి అర్థం చెప్పాడు: నడిమి నుంచి కొత్త నేల పుడుతూ ఇరువైపులా జరుగుతోంది, భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన ప్రతిసారీ ఆ ముద్ర రాతిలో పడుతోంది. 1963లో వచ్చిన వారి వ్యాసం ఖండాలు కదులుతాయన్న ఊహను శాస్త్రంగా నిలబెట్టిన ఆధారాల్లో ఒకటి. రుతుపవనాల సముద్రాన్ని కొలవడానికి వెళ్తే భూగర్భ శాస్త్రమే తిరగబడింది.

ఆంధ్రదేశానికి ఈ కథలో చోటు ఉంది. అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1950ల్లోనే వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, భూగర్భ శాస్త్రవేత్త సి. మహదేవన్ సహకారంతో సముద్ర శాస్త్ర బోధనకు, పరిశోధనకు పునాది వేశాడు. విశాఖ తీరంలో లోపలి చల్లని నీరు ఏ కాలంలో ఎందుకు పైకొస్తుందో అక్కడి విద్యార్థులతో కలిసి కొలిచాడు. తర్వాత అంతర్జాతీయ యాత్రలో ఆంటన్ బ్రూన్ మీద బంగాళాఖాతానికి తిరిగొచ్చి, తూర్పు తీరానికి ఎదురుగా ఖండపు అంచులో సముద్రం అడుగున కోసుకుపోయిన లోయలను గుర్తించాడు. వాటికి పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది, ఆ యాత్ర వదిలి వెళ్లిన మనుషులతో, నమూనాలతో, అనుభవంతో. 1971లో క్లౌస్ వీర్ట్కీ యాత్ర కొలతలన్నీ క్రోడీకరించి ఒక పెద్ద అట్లాసు తెచ్చాడు. రెండు రుతుపవనాల నడుమ భూమధ్యరేఖ వెంట తూర్పుకు ఉరికే బలమైన ప్రవాహాన్ని తర్వాత రెండేళ్లకు వివరించిందీ ఆయనే.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. ఇదంతా శాస్త్రం ముసుగులో సాగిన సైనిక వ్యవహారం కాదా? చాలావరకు అవును. మోరీ నౌకాదళం మనిషి. సముద్రం అడుగు పటాలకు, ఉష్ణోగ్రత కొలతలకు ఇరవయ్యో శతాబ్దంలో డబ్బు పోసింది జలాంతర్గాములను దాచాలనుకున్న వాళ్లు, వెతకాలనుకున్న వాళ్లు. అలాంటి కొలతల్లో చాలా భాగం దశాబ్దాల పాటు బీరువాల్లోనే ఉండిపోయింది. కానీ ఈ వాదన నా మాటను బలపరుస్తుందే గానీ కొట్టివేయదు. ఎవరు ఏ ఉద్దేశంతో కొలిచారన్నది ఒకటి, కొలిచింది అందరి చేతికీ వచ్చిందా లేదా అన్నది మరొకటి. కార్ల్స్‌బర్గ్ పర్వతశ్రేణి మీద తిరిగిన ఓవెన్ కూడా నౌకాదళపు సర్వే ఓడే. దాని అంకెలు వ్యాసమై అచ్చయ్యాయి గనకే అవి మానవజాతి ఆస్తి అయ్యాయి. బీరువాలో ఉండిపోయిన అంకె ఒక్క దేశానికే పనికొచ్చింది, అదీ అరకొరగా.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, నాకు దాని మీద గౌరవం ఉంది. కొలిచే ఓడలు సంపన్న దేశాలవి, కొలిపించుకునే సముద్రాలు పేద దేశాలవి. సమాచారం అందరిదీ అన్నంత మాత్రాన అందరూ సమానంగా వాడుకోలేరు. కంప్యూటరు, ఓడ, చదువుకున్న మనుషులు ఉన్నవాడే ముందు వాడుకుంటాడు, చేపలూ చమురూ ఎక్కడున్నాయో ముందు వాడికే తెలుస్తుంది. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1967లో మాల్టా ప్రతినిధి అర్విడ్ పార్డో సముద్రగర్భం మానవజాతి ఉమ్మడి వారసత్వమని ఐక్యరాజ్యసమితిలో వాదించాడు. 1982లో కుదిరిన సముద్ర చట్టం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు వనరుల మీద తీరదేశానికి హక్కు ఇచ్చింది, అక్కడ విదేశీ ఓడ పరిశోధన చేయాలంటే ఆ దేశం అనుమతి కావాలంది. శాస్త్రవేత్తలు చాలామంది అప్పట్లో దీన్ని శాస్త్రానికి సంకెళ్లుగా చూశారు. వలస పాలన నుంచి అప్పుడే బయటపడిన దేశాలు మళ్లీ ఎవరి ఓడో తమ తీరం కొలుస్తుంటే ఊరుకోకపోవడంలో తప్పేముంది? అయితే అనుమతి అడిగించుకునే హక్కు వేరు, కొలత తెలియకుండా ఉండిపోవడం వేరు. మొదటిది గౌరవం, రెండోది నష్టం. అసలు మందు సమాచారాన్ని దాచడంలో లేదు, దాన్ని చదివే శక్తిని మనమే సంపాదించడంలో ఉంది.

ఆ శక్తి ఎలా వస్తుందో ఆర్గో చూపిస్తోంది. నిలువెత్తు గొట్టం లాంటి పరికరం అది. లోపలి నూనెను బయటి రబ్బరు తిత్తిలోకి పంపు చేస్తే ఉబ్బి పైకి తేలుతుంది, నూనెను లోపలికి లాక్కుంటే మునుగుతుంది. వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి, ఉపగ్రహానికి అందించి మళ్లీ మునిగిపోతుంది. 2000లో వేయడం మొదలుపెడితే 2007కు మూడు వేలయ్యాయి, ఇప్పుడు నాలుగు వేల దాకా ఉన్నాయి. వాటి కొలతలు ఒక్క రోజు లోపే ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఏదైనా పరికరం తమ జలాల్లోకి కొట్టుకొచ్చే అవకాశం ఉంటే తీరదేశానికి ముందుగా చెప్పాలని నియమం. వనరులకు నేరుగా సంబంధించిన సమాచారమైతే పంపిణీ ఆపమని అడిగే హక్కూ ఉంది. హక్కుకూ, వెల్లడికీ మధ్య ఇదొక పనికొచ్చే రాజీ. హిందూ మహాసముద్రానికి ఆర్గో ప్రాంతీయ సమాచార కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. అక్కడి ఇన్‌కాయిస్ 1999లో పుట్టిన సముద్ర సమాచార సంస్థ, ఈ కేంద్రాన్ని నడిపేది అదే, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికైన పొరలా పరుచుకుంటుంది. పైనీళ్లూ కిందినీళ్లూ అంత సులువుగా కలవవు, పైపొర వేడి పైనే నిలుస్తుంది. తుపాను ఆ వేడినే తింటుంది. ఆ పొర మందం ఎంతో అమెరికా వేసిన పరికరం చెప్పినా, మనం వేసిన పరికరం చెప్పినా కాకినాడ జాలరికి ఒకటే.

కొలవడం వేరు, కాపాడడం వేరు కదా అంటారు. నిజమే. నార్త్ సీ చేపల గురించి శాస్త్రవేత్తలు చేసిన హెచ్చరికలను మంత్రులు ఏళ్ల తరబడి పక్కన పెట్టి ఎక్కువ కోటాలు పంచుకున్నారు. అంకె దానంతటదే వల ఆపదు. కానీ అంకె ఉన్నా దాన్ని చేరవేసే దారి లేకపోతే ఏమవుతుందో 2004 డిసెంబరు 26న చూశాం. సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన పావుగంటకల్లా హవాయిలోని పసిఫిక్ సునామీ కేంద్రానికి తెలిసింది. పసిఫిక్‌కు 1965 నుంచి దేశాల మధ్య హెచ్చరిక ఏర్పాటు ఉంది. హిందూ మహాసముద్రానికి లేదు. మన తూర్పు తీరానికి అల చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటల్లో తీరం మీదున్న వాళ్లకు మాట చేర్చే దారి ఎవరికీ లేకపోయింది. మొత్తం మీద రెండు లక్షల మందికి పైగా పోయారు, ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా. తర్వాతి ఏడాదే యునెస్కో సముద్ర కమిషన్ కింద దేశాలు కూడి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ మొదలుపెట్టాయి. 2007లో హైదరాబాద్ సునామీ కేంద్రం పనిలోకి దిగింది, 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండొనేసియా ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు హెచ్చరికలు ఇస్తున్నాయి.

2012 ఏప్రిల్ 11న సుమత్రా పడమట మళ్లీ నేల కదిలింది, తీవ్రత 8.6. 2004 గుర్తున్న వాళ్లకు గుండె ఆగినంత పనైంది. తీరాల్లో జనం మెరకకు పరుగెత్తారు. నిమిషాల్లో హెచ్చరికలు వెళ్లాయి. ఈసారి పలకలు నిలువుగా లేవలేదు, అడ్డంగా జారాయి, నీటిని పెద్దగా ఎత్తలేదు. ఆ సంగతి భూకంప లెక్కలు సూచించాయి, కానీ సూచన మీద ఆధారపడి లక్షల మందిని ఇళ్లకు పొమ్మనలేరు. లోతు సముద్రంలో బాయ్‌లు, ఒక్కో దేశపు రేవులో ఉన్న నీటిమట్టం గేజీలు పంపిన అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి, అల చిన్నదని. అప్పుడు గానీ హెచ్చరిక వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రం జనం ఇళ్లకు తిరిగి వెళ్లారు. వాళ్లను వెళ్లమని చెప్పిన అంకెల్లో కొన్ని మన రేవులవి, కొన్ని పరాయి రేవులవి.